వేడినీళ్ల గది కిటికీలు

తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు, బొగ్గుబాయిలో పైకప్పు బండ కూలి మా బాపు నడుము పోయింది. గోదావరిఖనిలో మేం తిరగని దవాఖాన లేదు. చివరికి రామగుండం దారిలో ఒక చిన్న దవాఖాన దొరికింది. అక్కడ గదిలోపల కట్టిన ఈతకొలనులో, గోరువెచ్చని నీళ్లలో ఛాతీదాకా నిలబెట్టి నడక నేర్పేవారు. నేలమీద నిలబడలేని మనిషి ఆ నీళ్లలో అడుగులు వేశాడు. గట్టుమీద కూర్చుని అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు? ఈ నీళ్లు మానితే ఇక నడక రాదని డాక్టరు తేల్చి చెప్పాడు.

చలికాలం వచ్చింది. కరెంటు హీటర్లు పొద్దంతా వేసినా నీళ్లు కాగేవి కావు. దవాఖాన వాళ్లు ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన మిద్దెమీద సోలార్ పలకలు పెట్టించాడు. వేడంతా ఆవిరై పైనుంచే పోతోందని చెప్పి, రాత్రిళ్లు నీళ్లమీద ప్లాస్టిక్ పట్టా పరిపించాడు. కిటికీల సందుల్లో రబ్బరు కొట్టించి గట్టిగా మూయించాడు. నిజం చెప్పాలి, మంచి పనే చేశాడు. హీటర్లు వేయకుండానే పొద్దునకు నీళ్లు వెచ్చగా ఉన్నాయి.

మొదటిరోజు పట్టా తీయగానే గదంతా ఆవిరి కమ్మింది. చల్లటి పైకప్పుకు తగిలి బొట్లుబొట్లుగా కారింది. ఒక బొట్టు నీళ్లలో ఉన్న బాపు భుజంమీద పడింది. పైకి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రూఫ్ కారుతున్నది! గాలాడుతలేదు. నన్ను జల్ది బయటికి తియ్యుండ్రి!"

"ఆవిరే బాపూ, ఏం గాదు," అన్నాను.

"నీకేమెరుక బిడ్డా? ఆ దినం బండ పడే ముంగట గూడ గిట్లనే కారింది."

నాకు ఒళ్లు మండింది. ఇంజనీరు మీద, బాయి మీద, అందరి మీద. నానా గొడవా చేసి కిటికీలు తెరిపించాను. బాపు మళ్లీ దిగాడు, నడిచాడు. కానీ రెండు మూడు రోజులకే నీళ్లు చల్లబడ్డాయి. పక్షవాతం వచ్చిన ఒక అవ్వ బాపుతోపాటే నీళ్లలోకి దిగేది. ఆమె చలికి కొంకర్లు పోయింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నా నోరు తెరిచి ఒక్కమాట అనలేదు.

బాపు ఆమెనే చూశాడు. "కిటికీలు మూయుండ్రి," అన్నాడు.

"మూస్తే నువ్వు దిగుతవా?"

"నాతోని గాదు బిడ్డా. అవ్వ నడువాలె."

"మరి నీ సంగతేందే?" అని అరిచాను. ఆ రోజుతో బాపు దవాఖానకు రావడం మానేశాడు. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. వినలేదు.

ఎండాకాలంలో ఆ అవ్వ కర్ర పోటేసుకుంటూ మా వాకిట్లోకి నడిచొచ్చింది. బాపు మంచంమీదనుంచే, "రా అవ్వా, కూసో," అన్నాడు.