మెరుపు మీద ముల్తానీ మట్టి

మా తమ్ముడు సుధాకర్ షూటింగు లైట్లు మోసే తన బండికి కొత్త రంగు వేయిస్తున్న సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు, వాసన చెప్పింది. ఫిల్మ్‌నగర్‌లో వాడి ఇంటి గేటు తీయగానే థిన్నర్ ఘాటు ముక్కుకు తగిలింది. ప్రహరీగోడ మీద రెండు రేకు ముక్కలు ఆరుతున్నాయి. రెండిటిదీ ఒకే నీలం. కానీ ఒకటి తళతళలాడుతోంది, రెండోది తడిగుడ్డతో తుడిచిన పలకలా మసగ్గా ఉంది. రంగు మీద ఆఖరున కొట్టే క్లియర్ పూత మెరిసేది వేయాలా, మెరవనిది వేయాలా అని తేల్చడానికి పెట్టిన నమూనాలవి. పెయింటరు చూశాడట, డ్రైవరు చూశాడట, ఎదురింటి టైలరు కూడా వచ్చి సలహా చెప్పి టీ తాగి వెళ్లాడట. ఇంటి పెద్దకొడుకుని నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. నా ఎనిమిదో ఏట కూడా ఇదే జరిగింది. వాళ్లు మరిచిపోయారేమో, నేను మరిచిపోలేదు.

అప్పుడు మేం కృష్ణానగర్‌లో ఒక ఇరుకు సందులో ఉండేవాళ్లం. షూటింగులకు లైట్లు, స్టాండ్లు, కేబుల్ చుట్టలు మోసే పాత లారీ నాన్నది. దాన్ని ఆయనే నడిపేవాడు. ఆ సందులో పొద్దు ఎలా తెల్లవారేదంటే, పై గదిలో అద్దెకుండే ఒకాయన పళ్లు తోముకుంటూ విలన్ నవ్వు సాధన చేసేవాడు, పక్క డాబా మీద డాన్సర్లు లెక్క వేసుకుంటూ గెంతుతుంటే మా కప్పు మీంచి సున్నం రాలేది, వీటన్నిటి మధ్య ఇడ్లీబండి గంట మోగేది. డిసెంబరు చలి మొదలైతే మా ఇంట్లోంచి గులాబీపూల పిండివంట వేయించే నూనె వాసన, బయట లారీ నుంచి రంగు వాసన ఒకేసారి వచ్చేవి. ఎందుకంటే క్రిస్మస్‌కి మాకు కొత్తబట్టలు కుట్టించినట్టే, బండికీ ఏటా కొత్త రంగు వేయించడం మా నాన్న అలవాటు. బోరబండ నుంచి పెయింటర్ యాదగిరి చెవిలో బీడీ పెట్టుకుని వచ్చేవాడు. అయితే లైట్ల బండి మెరిస్తే షూటింగులో చిక్కొస్తుందని నాన్న ప్రతిసారీ మసక పూతే వేయించేవాడు. పండగ పూట కూడా మా బండి జ్వరమొచ్చిన మనిషిలా ఉండేది.

ఆ ఏడు యాదగిరి మెరిసే వార్నిష్ ఒకటి తెచ్చాడు. రెండు బిస్కెట్ డబ్బా మూతల మీద రెండు పూతలూ పూసి మా అరుగు మీద ఎండబెట్టాడు. సందు సందంతా వచ్చి చూసింది. విలన్ నవ్వాయన మసకదే గంభీరంగా ఉందన్నాడు, డాన్సర్లు మెరిసేదాని వైపు చేరారు. నేను అందరికంటే ముందే, అందరికంటే గట్టిగా, మెరిసేదే కావాలన్నాను. "నువ్వెళ్లి ఆడుకోరా" అన్నాడు నాన్న. అప్పుడు అమ్మ పిండి చేతులతో బయటికొచ్చి, నేను చూపించిన మూతనే చూపించింది.

"అమ్మా, గిది కొడ్తే బండి అద్దమైతది. మల్ల సారు నన్ను తిట్టొద్దు" అన్నాడు యాదగిరి.

"క్రిస్మస్‌కి మెరవకపోతే ఇంకెప్పుడు మెరుస్తుందయ్యా! కొట్టు" అంది అమ్మ.

నిజంగానే అద్దమైంది. ఆడిషన్లకు వెళ్లేవాళ్లు మా బండి ముందు నిలబడి తలలు దువ్వుకునేవారు, మేము పిల్లలం దాని ఒంపుల్లో మొహాలు సాగదీసుకుని పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. విలన్ నవ్వాయనైతే మాట మార్చేసి, అందులో చూసుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. సాయంత్రం క్యాబిన్ మీద కాగితపు నక్షత్రం కట్టి, అందరం వెనకెక్కి రహమత్‌నగర్ దాకా క్రిస్మస్ పాటలు పాడుకుంటూ వెళితే, దారిలో ప్రతి ఇంటి దీపం మా బండి మీద నుంచి జారుకుంటూ పోయింది. సందంతా అమ్మనే మెచ్చుకుంది. ఆ మూత మొదట చూపించింది నేనని ఒక్కరూ అనలేదు.

పండగ సెలవుల్లోనే నాన్న నన్ను జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా షూటింగుకు తీసుకెళ్లాడు. షాట్ మొదలవగానే కెమెరామన్ అరిచాడు. "ఎవరిదండీ ఆ బండి? యూనిట్ మొత్తం అందులోనే కనబడుతోంది!"

నాన్న చేతులు కట్టుకుని, "మా పెద్దాడు పట్టుబట్టాడు సార్" అన్నాడు.

మెప్పు పంచేటప్పుడు గుర్తురాని పేరు, తిట్లు పంచేటప్పుడు టక్కున గుర్తొచ్చింది. అందరూ నావైపు తిరిగారు. సెట్టులో దుమ్ము లేపడానికి ఉంచిన ముల్తానీ మట్టిని బకెట్లో కలిపి, మెరిసే బండికంతా పూసేశారు. కానీ, బ్రేకులో హీరోయిన్ గారు వచ్చి, మట్టి తగలని తలుపు మూలలో చూసుకుని బొట్టు సరిచేసుకున్నారు. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పనే లేదు. నేనే చెప్పాను.

అలా మొదలైంది మా వారవారపు ఆచారం. షూటింగుకు వెళ్లేముందు నాన్న బండికి మట్టి పూసేవాడు. శనివారం సాయంత్రం మేము, సందు పిల్లలం, బకెట్లతో, పాత చొక్కాలతో దాన్ని కడిగేవాళ్లం. సుధా అప్పుడు చిన్నవాడు, చక్రం మీద కూర్చుని నా నెత్తిన నీళ్లు పోసేవాడు. తడిమట్టి కిందికి జారుతుంటే, లోపలి నుంచి మళ్లీ మా మొహాలు బయటపడేవి. ఆదివారం చర్చి ముందు మా లారీ మెరిసినట్టు ఇంకెవరి కారూ మెరవలేదు.

ఆ బండి ఎప్పుడో తుక్కుకు పోయింది. ఆ సందులో ఇప్పుడు లారీ తిరగడానికి చోటు లేదు. తలలు దువ్వుకునేవాళ్లకు చేతిలో ఫోన్లున్నాయి. యాదగిరి లేడు, అమ్మ లేదు.

సుధా మాత్రం మెరవని పూతే వేయిస్తాడట. షూటింగులో చిక్కుండదంటాడు, అచ్చం నాన్నలా. లైట్ స్టాండ్లు తగిలి గీత పడకుండా ఉంటుందా? మెరిసే పూత మీద గీత పడితే రుద్ది మళ్లీ నిగ్గు తేవచ్చు. మసకదాన్ని రుద్దితే అక్కడొక మచ్చ మిగులుతుంది. ఈ సంగతి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు.

రేపు పొద్దున్నే పూత కొడతారు. ముల్తానీ మట్టి నేను తెస్తాను, శనివారం వచ్చి నేనే కడుగుతాను, నెత్తిన నీళ్లు పోసినా ఊరుకుంటాను. చూద్దాంలే అనకు సుధా. నువ్వు మొహం సాగదీసుకుని నవ్విన ఆ బండి నీకు గుర్తుందా, లేదా? గుర్తుంటే గోడమీద మెరిసే ముక్క పెయింటరు చేతికి ఇచ్చి, నాకు ఫోన్ చెయ్యి. గుర్తులేకపోతే ఆ ముక్క కూడా ఫోన్‌లోనే చెప్పు. ఈసారి నాకు జవాబు కావాలి.