వాలులో ఊడే రెండో గేరు

గేర్ల మేస్త్రి షెడ్డుకు వచ్చిన బండ్లన్నీ బాగుపడి వెళ్లేవి, ఒక్క వాళ్ల బావ కారు తప్ప.

బావ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ పరాయి బండి నడిపిన మనిషి, చివరికి ఒక పాతకాలపు కారు సొంతం చేసుకున్నాడు. గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది, ఉన్నవి మూడే గేర్లు. ఇల్లు కొండ మీద కావడంతో ఎక్కేసరికి కారు ఆపసోపాలు పడేది.

"దీనికి ఐదు గేర్లు పెట్టరా," అని బావ మేస్త్రి వెంటపడ్డాడు.

"ముసలిదానికి పళ్లు కట్టించినట్టుంటుంది బావా, వద్దు."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం బావ. అక్క కూడా "ఆయన ముచ్చట తీర్చరా" అనడంతో మేస్త్రి కాదనలేకపోయాడు. వేరే బండి గేర్‌బాక్సు బిగించి, కారు అడుగు రేకు కోసి, గేరు రాడ్డును రెండు సీట్ల మధ్యకు తెచ్చాడు. లోపలి అందం చెడకూడదని కంత చిన్నదిగా కోశాడు.

మొదట్లో గేరు వేస్తే కరకరమనేది. క్లచ్ సరిచేస్తే ఆ మోత పోయింది. అసలు రోగం ఆ తర్వాత బయటపడింది. వాలులో దిగుతుంటే రెండో గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసేది. మేస్త్రి గేర్‌బాక్సు దించి, విప్పి, అరిగిన పళ్లచక్రాలు మార్చి మళ్లీ ఎక్కించాడు. చదును రోడ్డు మీద తిప్పి చూస్తే బుద్ధిగా నడిచింది.

"ఇంకా ఊడుతోందా బావా?" అని అడిగితే, "లేదురా, నిక్షేపంలా ఉంది," అనేవాడు. ఆ జవాబు మరీ చప్పున వచ్చేది. పక్కనున్న అక్క మాత్రం కుడిచెయ్యి కొంగుచాటున పెట్టుకునేది.

ఒక ఉదయం అక్క ఒక్కతే షెడ్డుకు వచ్చింది. మంచినీళ్లిస్తే ఎడమచేత్తో అందుకుంది. మేస్త్రి ఆమె కుడిచెయ్యి పట్టుకుని తెరిపించాడు. అరచేతి మధ్యలో బొబ్బ చితికి, పచ్చిపుండైంది.

"దిగేటప్పుడు గేరు రాడ్డు నేను పట్టుకుంటున్నారా. ఆయన స్టీరింగు చూసుకోవాలి కదా."

"ఎప్పట్నించి?"

"నువ్వు బాగైందని చెప్పినప్పట్నించీ. లోపల్నించి ఎవరో తోస్తున్నట్టుంటుంది. ఈమధ్య వాడికి బలం ఎక్కువైంది."

మేస్త్రి షెడ్డు తలుపు వేసి అక్కతోపాటే కొండెక్కాడు.

"బండి కిందికి తోలుకెళ్తా, తాళాలివ్వు బావా."

"బస్సులు దింపినోణ్ణి. నేనే దింపుతా, నువ్వు పక్కన కూర్చో."

వాదించి లాభం లేదని తెలిసి మేస్త్రి ఎడమ సీట్లో కూర్చుని గేరు రాడ్డు పట్టుకున్నాడు. అక్క కూడా ఎక్కబోతే వద్దన్నాడు. ఆమె గేటు దగ్గరే నిలబడిపోయింది.

మొదటి మలుపు దాటాక రాడ్డు వణికి, మెల్లగా అరచేతిని తోయసాగింది. అక్క చెప్పింది నిజమే. ఎక్కడ ఆనుకుని తోస్తోందా అని వంగి చూశాడు. వాలులో ఇంజనూ గేర్‌బాక్సూ ముందుకు జరుగుతున్నాయి, రాడ్డు కంత అంచుకు కొట్టుకుంటోంది. సంగతి అర్థమైన క్షణంలోనే గేరు ఊడిపోయింది.

ఇంజను మోత సన్నబడింది. కారు మాత్రం ఎవరో వదిలేసినట్టు పరుగందుకుంది. బావ బ్రేకు తొక్కితే పెడలు నేలదాకా పోయింది.

"గోడకు ఆనించు బావా."

ఎంత మొండివాడైనా బావ చెయ్యి తడబడలేదు. కారును రోడ్డువారగా ఉన్న రాతిగోడకు రాయించాడు. రేకు చీలిన చప్పుడు కొండంతా వినబడింది. ముందున్న కంకరగుట్టలో దూరి కారు ఆగేసరికి బావ మణికట్టు విరిగింది.

"నీకు చెబితే మళ్లీ పాత గేర్లు పెట్టేస్తావనుకున్నాన్రా," అన్నాడు బావ, చెయ్యి ఒళ్లో పెట్టుకుని.

"కంత కోసింది నేను బావా," అన్నాడు మేస్త్రి.

ఇంజనును కదలకుండా పట్టే కింది రబ్బర్లు చిరిగిపోయి ఉన్నాయి, జరిగిన ఇంజను రాపిడికి బ్రేకు గొట్టం తెగింది. ఇన్నాళ్లూ మేస్త్రి గేరు పెట్టె విప్పి పళ్లు చూశాడు, రోగం పెట్టె బయట ఉంది. కొత్త రబ్బర్లు, కొత్త బ్రేకు గొట్టం వేసి, ఇంజను జరక్కుండా ఇనుప ఆసరా బిగించి, కంత వెడల్పు చేశాడు. తర్వాత తానే అదే వాలులో పలుమార్లు దింపి చూశాడు. గేరు కదల్లేదు.

బావ చెయ్యి అతుక్కున్నాక తాళాలిచ్చి, "ఇక ఇంటికి తీసుకెళ్లు," అన్నాడు.

బావ కారు చుట్టూ తిరిగి చూశాడు. "బాగైందనే నా నమ్మకం కూడా. కానీ అప్పుడు ఇంజను మోత సన్నబడింది చూడు, అది చెవిలోంచి పోవట్లేదు. ఇక్కడే ఉండనీరా."

కారు షెడ్డులోనే ఉండిపోయింది. సాయంత్రాలు మొగుడూ పెళ్లాం దిగివచ్చి, కారులో చదును రోడ్డు మీద కాసేపు తిరిగి, చీకటి పడకముందే నడిచి కొండెక్కుతారు.