మగ్దలీనమ్మ బొమ్మల కళ్ళు

“కళ్ళు వద్దంటుండా అక్కా, బొమ్మలు వద్దనడంలా!”

“కళ్ళు లేని బొమ్మని పిలకాయల చేతికి ఎట్టియ్యమంటావురా?”

“కళ్ళు పెడితేనే గదా విగ్రహానికి ప్రాణమొచ్చేది. హిందువుల్ని ఎవర్నైనా అడుగు.”

“అట్టనా? సంఘ పెద్దవై ఉండి, వాళ్ళ నమ్మకం నువ్వు నమ్ముతుండావే!”

గోడకు ఇవతల, మా పెరట్లో, నాకు నవ్వు ఆగలేదు. అవతల మగ్దలీనమ్మ తమ్ముడు సమాధానం మాత్రం నవ్వలేదు. “పాస్టరు అయ్యగారు చెప్పమన్నది చెప్తుండా. ఆదివారం లోపల మానుకోకపోతే నీకు బల్ల ఆపేస్తారు,” అని అక్క ముఖం చూడకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు.

బల్ల అంటే నెల మొదటి ఆదివారం చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి మగ్దలీనమ్మ దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు. భర్త జ్ఞానప్రకాశాన్ని సమాధి చేసిన మూడో రోజున కూడా వెళ్ళి తీసుకుంది.

మా బిట్రగుంట అంగన్‌వాడీలో ఆమె ఇరవై రెండేళ్ళుగా ఆయా. దర్జీ కొట్లో పారేసే పీలికలు ఏరుకొచ్చి, బూరుగు దూది కూరి పిల్లలకు బొమ్మలు చేస్తుంది. ముక్కు ఉండదు. నోరు ఒక గీత. కళ్ళు మాత్రం నల్లదారంతో నిదానంగా కుడుతుంది. పోయిన దసరా దాకా వాటిని ఎవరూ మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.

తప్పు నాది. మా అమ్మ ఆదిశేషమ్మ ఒక బొమ్మ అడిగి తెచ్చి, బొమ్మల కొలువులో పెట్టి, నుదుట కుంకుమ అద్దింది. కాలేజీ మానేసి ఊరికే తిరిగేవాణ్ణి, ఏం తోచిందో ఏమో, ఫొటో తీసి ‘మగ్దలీనమ్మ గారి బొమ్మ’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టాను. సాయంత్రానికల్లా అది చర్చి గ్రూపులో ఉంది.

తమ్ముడి మాటకు ఆమె మొండికేస్తుందనుకున్నాను. లేదు. ఆ వారం నాలుగు బొమ్మలు కళ్ళు లేకుండానే చేసి తీసుకెళ్ళింది. నాలుగేళ్ళ వినీల ఒకదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కాసేపు చూసి, “ఆయమ్మా, ఇది నన్ను చూడటంలా,” అని తిరిగిచ్చేసిందట.

శనివారం సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆ నాలుగు బొమ్మలకీ కళ్ళున్నాయి.

“నేనే కుట్టానని అయ్యగారికి చెప్తా,” అన్నాను.

“రొట్టె తీసుకునే నోటితో అబద్ధమా అబ్బయా?”

“చెప్పేది నేను గదా.”

“ఊరుకునేది నేను గదా.”

బొమ్మల్ని ఒక్కొక్కటిగా సంచిలో సర్దింది. “పిలకాయలు బొమ్మకి దణ్ణం పెడతారా? జోకొడతారు. చెవులు కొరుకుతారు. ఇందులో పాపం నాకు కనపడలా. అదే అయ్యగారికి చెప్పినా. కానీ బల్ల ఆయన చేతిలో ఉండాది.” కొంగుతో ముఖం తుడుచుకుంది.

సంచి మూతి ముడేస్తూ అంది.

“రేపు అందరూ లేచి ముందుకి పోతారు. నేనొక్కదాన్నే కూర్చోవాల. ఆడోళ్ళ వైపు కడా వరసలో ఉంటా. నువ్వొచ్చి మగోళ్ళ వైపు కడా వరసలో కూర్చో నాయనా. బాప్తిస్మం లేదు, నీకెట్టాగూ బల్ల ఇవ్వరు గదా.”