చంద్రగిరి మీద చిత్తూరు

మా పెద్దమ్మ పంకజాక్షి ఎవరికైనా దారి చెప్పేటప్పుడు ఊరి పేరు ఒక్కటే చెప్పదు. చిత్తూరు అనాల్సిన చోట ‘చంద్రగిరి మీద చిత్తూరు’ అంటుంది, అంటే చంద్రగిరి మీదుగా పోయే చిత్తూరు. పుత్తూరైతే ‘వడమాలపేట మీద పుత్తూరు’. తిరుపతి కొర్లగుంటలో మా వీధి ఆడవాళ్ళు ఈ మాటను అనుకరించి నవ్వుకుంటారు. ఆమె ముందరే నవ్వుతారు, సరిగా వినపడదని ధైర్యం. కానీ పెద్దమ్మ పెదాల కదలికను బట్టి మాటను పట్టుకుంటుంది. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో అమ్మ జబ్బుపడి నా బడి ఆగిపోయినప్పటి నుంచి నేను ఆమె ఇంట్లోనే ఉంటున్నాను.

పెదనాన్న పోయాక ఆర్టీసీలో ఆయన ఉద్యోగం పెద్దమ్మకు ఇచ్చారు. ఇరవై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది, అందులో ఎక్కువ కాలం తిరుపతి చిత్తూరు రోడ్డు మీదే. దూరం ఎంత అని అడిగితే కిలోమీటర్లలో చెప్పలేదు. స్టేజీల్లో చెబుతుంది. ఏ స్టేజీలో పాలక్యాన్లు ఎక్కుతాయి, ఏ స్టేజీలో పెళ్ళిళ్ళ రోజుల్లో బస్సు పది నిమిషాలు నిలబడిపోతుంది, ఏ మలుపులో కడుపులో తిప్పేవాళ్ళకు కిటికీ తెరిచి పెట్టాలి, అన్నీ వేళ్ళ మీద ఉంటాయి.

ఊరి పేరుకు ముందు దారి పేరు కలిపే అలవాటు ఒక పొరపాటు నుంచి వచ్చింది. బస్టాండులో కండక్టర్లు కేక వేసేటప్పుడు మొదటి అక్షరం నోట్లోనే ఉండిపోతుంది. ‘త్తూరు, త్తూరు, త్తూరు’ అని మాత్రమే బయటికి వస్తుంది. ఒకరోజు పెద్దమ్మ అలా పిలుస్తుంటే మునిరామయ్య అనే ముసలాయన, చెయ్యి విరిగిన మనవరాలిని భుజానికి ఆనించుకుని వచ్చి, “పుత్తూరేనామ్మా?” అన్నాడు. పెద్దమ్మకు చిత్తూరు అని వినపడింది. తల ఊపింది, టికెట్లు కొట్టింది. ఆయనకు చదువు రాదు. చిత్తూరులో దిగి, “ఎముకలకు కట్టుకట్టేవాళ్ళ ఇల్లు యాడమ్మా?” అని అడిగినప్పుడుగానీ సంగతి తెలియలేదు. ఆ పాప దారంతా ఏడుస్తూనే ఉంది. పాపను ఎముకల కట్టుకు పేరుపడ్డ, తూర్పున ఉన్న పుత్తూరుకు తీసుకుపోవాల్సింది, పడమర దిక్కుకు తీసుకొచ్చేసింది.

పెద్దమ్మ తన డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి, వాళ్ళిద్దరినీ కార్వేటినగరం మీదుగా పుత్తూరుకు తీసుకుపోయింది. కట్టు కట్టేదాకా ఆ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మరుసటి రోజు డిపోకు పోయి జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసిచ్చింది. ఎవరూ ఆమె మీద ఫిర్యాదు చేయలేదు. “నాకు సెవులు మందమైనాయి సార్. ఇంక నేను బస్సు మీద ఉండకూడదు” అని ఆమే చెప్పి, ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉండగానే దిగిపోయింది. తెలివి తక్కువ పని అన్నవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. నేను మాత్రం ఆ కాగితం నకలు నా పెట్టెలో దాచుకున్నాను.

తర్వాత రెండేళ్ళు ఎవరూ ఆమెను ప్రయాణాల విషయం అడగలేదు. వినపడని మనిషికి దారి ఏం తెలుస్తుందని అనుకున్నారు. పోయిన నెల అమల అక్క వచ్చేదాకా అంతే.

అమల అక్క మా వీధి కోలాటం బృందానికి పెద్ద. పదహారు మంది, ఎనిమిది జతలు. చిత్తూరులో ఏటా జరిగే పోటీకి నిరుడు వ్యానులో పోయి పావుగంట ఆలస్యంగా చేరారు. పేరు కొట్టేశారు. గజ్జెలు కట్టుకుని ఎదుటివాళ్ళ ఆట చూసి, తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి వచ్చారు. ఆ వారం మా వీధిలో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

“అక్కా, ఈసారి మేం పొయ్యేది వచ్చేది నువ్వు సూసుకో. పదిగంటలకు మమ్మల్ని పిలుస్తారు. ఈసారీ తప్పిందంటే నేను మళ్ళా ఈళ్ళను పిలవలేను, ఈళ్ళూ రారు. బృందం అయిపోయినట్టే” అంది అమల అక్క.

పెద్దమ్మ ఆమె నోటి వైపే చూస్తూ విని, “పదారు మందేనా?” అని మాత్రం అడిగింది. లోపలికి పోయి కొత్త నోటుబుక్కు తీసి నా చేతికిచ్చింది.

మూడు సాయంత్రాలు ఆమె చెప్పింది, నేను రాశాను. పది గంటల నుంచి వెనక్కి లెక్కపెట్టింది. హాలుకు తొమ్మిదిన్నరకు చేరాలి. గజ్జెలకు, కొప్పులకు అరగంట. చిత్తూరు ఊళ్ళో దారికి పావుగంట. అలా స్టేజీ తర్వాత స్టేజీ వెనక్కి నడిచి కొర్లగుంట మలుపుకు వచ్చేసరికి పొద్దున ఆరు అయింది. బృందంలో రూపశ్రీకి వాంతులవుతాయి, ముందు సీటు. రేవతి ఎప్పుడూ ఆలస్యం, ఆమెకు మాత్రం అయిదింటికే రమ్మని చెప్పాలి. అందరూ ఆధార్ కార్డు తేవాలి.

అమల అక్క భర్త బాలసుబ్రమణ్యం ఆ పేజీ చదివి పెద్దగా నవ్వాడు. “వ్యానులో పొయ్యేదానికి ఆధారెందుక్కా? వ్యానోడు మనల్ని పెండ్లి సేసుకుంటాడా? ఇదో, నా ఫోన్లో సూడు, గంటన్నర అంటాండాది. ఏడున్నరకు బయల్దేరినా సాలు.”

“నీ ఫోను గజ్జెలమూట మోసుకోని, పదారుమంది ఆడోళ్ళను ఎక్కించి దించిందా అప్పా?” అంది పెద్దమ్మ. ఆయన నవ్వు ఆగిపోయింది, ఆడవాళ్ళ నవ్వు మొదలైంది.

వ్యాను మాట్లాడే పని మాత్రం ఆయనే తీసుకున్నాడు. పెద్దమ్మకు ఫోన్లో వినపడదు కదా. “చంద్రగిరి మీద చిత్తూరు అని చెప్పప్పా” అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన “సరే సరే” అని పక్కకు తిరిగి, “ఆదివారం పొద్దున్నే, చిత్తూరుకి, పదారు మంది” అన్నాడు. అవతల ఏదో ఇంజను శబ్దం వినపడుతోంది. చంద్రగిరి మాట పోయిందని నేను గమనించాను. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు భయం. ఊరుకున్నాను. అది నా తప్పు, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

ఆదివారం అయిదూ నలభైకే రేవతితో సహా పదహారు మందీ మలుపులో నిలబడ్డారు. ఒకే రంగు చీరలు, చంకల్లో కోలలు. పులిహోర గిన్నెలు రెండు, నీళ్ళ క్యాను ఒకటి. ఆరు దాటింది. వ్యాను లేదు. బాలసుబ్రమణ్యం డ్రైవరు దేవేంద్రకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా పెట్టాడు.

“పుత్తూరుకే గదన్నా, ఎనిమిదికొస్తే సాల్దా? నేను రేణిగుంటలో ఉండా. ఏర్పోర్టు పార్టీని దించి వస్తా.”

“పుత్తూరు గాదప్పా, చిత్తూరు!”

“అదేన్నా, పుత్తూరు.”

“చి, చి! చిత్తూరు!”

“ఏందన్నా పొద్దున్నే ఛీ ఛీ అంటావు?”

ఇంకో రోజైతే కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. అమల అక్క గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఎవరో “నిరుడు మాదిరే” అన్నారు. బాలసుబ్రమణ్యం వేరే వ్యాన్ల వాళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ నన్ను పక్కకు లాగి, “ఏం జరిగింది?” అని అడిగింది. చెప్పాను. ఆమె ముఖంలో కోపం రాలేదు. మునిరామయ్య పేరు చెప్పేటప్పుడు కనిపించే నీడ ఒకటి వచ్చి పోయింది. బాలసుబ్రమణ్యం రెండు ఫోన్లు చేసేదాకా చూసి, దగ్గరికి పోయింది.

“ఫోను పక్కన పెట్టప్పా. ఆ వ్యాను ఎనిమిదికే రానీ. గిన్నెలూ క్యానూ ఏసుకోని నువ్వు వెనక రా. తిండి ఆలస్యమైతే ఏం కాదు. మనుషులు ముందు పోతారు.”

“ఎట్ల పోతారక్కా?”

“బస్సులో. కార్డులు తెచ్చినారు గదా, ఆడోళ్ళకు టిక్కెట్టు ఊరికేనే.” మా వైపు తిరిగింది. “లెయ్యండిమే. మూడు ఆటోలు.”

బస్టాండులో కాణిపాకం పోయే భక్తులు కిక్కిరిసి ఉన్నారు. చిత్తూరు బోర్డున్న బస్సు ఒకటి కదలడానికి సిద్ధంగా ఉంది. మావాళ్ళు దాని వైపు పరుగెత్తారు. పెద్దమ్మ రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది.

“అదొద్దు. అది కాణిపాకం లోపలికి పోయి వస్తాది. అన్ని స్టేజీల్లోనూ నిలుస్తాది. ఆరూ యాభైకి ఎక్స్‌ప్రెస్ ఉండాది.”

“అక్కా, వచ్చిన బస్సును వదిలేస్తామా?” అంది అమల అక్క. “నిరుడు కూడా ఇట్లనే, ఎవురో ఒకరు అదొస్తాది ఇదొస్తాది అన్న్యారు.”

“నన్ను నమ్మితే నిలబడు. నమ్మకపోతే ఎక్కు. పదారూ ఒకే బస్సులో పోవాల. ఒక్క జత తప్పినా మీకు ఆట లేదు గదా.”

అమల అక్క బస్సు వైపు చూసింది, పెద్దమ్మ వైపు చూసింది. ఎక్కలేదు. బస్సు పోయింది.

ఆరూ యాభై అయింది. ఎక్స్‌ప్రెస్ రాలేదు. ఏడయింది. రేవతి, “పుత్తూరు బస్సుంటే అదన్నా ఎక్కుదాం, వ్యానోడన్నా కలుస్తాడు” అని గొణిగింది. పెద్దమ్మ నోటుబుక్కును గుండెకు ఆనించి పట్టుకుంది. ఆమె వేళ్ళ చెమటకు అట్ట మీద నేను రాసిన అక్షరాలు అలుక్కుపోతున్నాయి. రెండేళ్ళ తర్వాత ఆమెను నమ్మి ఒకరు ఒక పని అప్పగించారు. ఆ బస్సు రాకపోతే ఇంకెవరూ అప్పగించరు. నేను దేవుడికి దండం పెట్టలేదు, బస్సు వచ్చే గేటు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఏడూ అయిదుకు వచ్చింది. జనం బస్సు వెంట పరుగెత్తారు. పెద్దమ్మ మమ్మల్ని ముందే ఒక స్తంభం పక్కన వరసగా నిలబెట్టి ఉంది, “కదలొద్దు, డోరు ఈడికే వస్తాది” అని. తలుపు సరిగ్గా మా ముందే ఆగింది. పదహారు మందికీ సీట్లు దొరికాయి. రూపశ్రీకి ముందు సీటు కూడా.

కండక్టరు మోనిక అనే చిన్న వయసు అమ్మాయి. మిషను పట్టుకుని వచ్చి, ఇంతమంది చేతుల్లో కార్డులు చూసి తడబడింది. పెద్దమ్మ లేచి, “మావాళ్ళు సీటు నెంబరు మూడు నుంచి వరసగా ఉండారు పాపా. పదారు, నాతో ఈ పాపతో పద్దెనిమిది. అందరూ చిత్తూరు, చంద్రగిరి మీద. మధ్యలో ఎవరూ దిగరు. వెనక నిలబడినోళ్ళది ముందు కొట్టు, వాళ్ళు రెండో స్టేజీలోనే దిగిపోతారు” అంది.

మోనిక ఆమెను పైనుంచి కిందకు చూసింది. “మీరు కండక్టరాక్కా?”

పెద్దమ్మ అప్పటికే అటు తిరిగి రూపశ్రీ పక్క కిటికీ తెరుస్తోంది. ఎప్పుడూ మాట్లాడని నేను, “ఇరవై రెండేళ్ళు. ఇదే రోడ్డు మీద” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. పక్కసీట్లో ఎవరో ముసలామె కూడా తిరిగి చూసింది.

చంద్రగిరి దాటాక ఎండ ఎక్కింది. రోడ్డుకు రెండు వైపులా మామిడితోటలు వెనక్కి పోతున్నాయి. కాణిపాకం మలుపు దగ్గర మేము వదిలేసిన బస్సు మా కళ్ళ ముందే మెల్లగా లోపలికి తిరిగింది. కిటికీలోంచి దాని నెంబరు చూసి మొదట గుర్తుపట్టింది రేవతే.

“ఓయమ్మా! అదో, మన బస్సు! ఇప్పుడు పోతాండాది లోపలికి!”

మావాళ్ళంతా ఒకేసారి కేకపెట్టారు. ఎవరో కోలలు తట్టారు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. అమల అక్క మాత్రం కేకపెట్టలేదు. లేచి వచ్చి పెద్దమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది. పెద్దమ్మ చేతిలో చెయ్యి పెట్టింది.

ఎనిమిదీ యాభైకి చిత్తూరులో దిగాం. తొమ్మిదీ పదికి హాలు దగ్గర ఉన్నాం. గజ్జెలు కట్టుకోవడానికి, కొప్పులు సరిచేసుకోవడానికి, మంచినీళ్ళు తాగి రెండుసార్లు ఆట వేసి చూసుకోవడానికి కూడా సమయం మిగిలింది.

పేర్లు రాసుకునే ఆయన బల్ల దగ్గర ఫారం పెట్టుకుని కూర్చున్నాడు. బృందం పేరు, ఊరు, మంది ఎంత, అన్నీ అడిగి, “బృందం బాధ్యులు ఎవరమ్మా?” అన్నాడు. ఆ గడిలో ఏటా బాలసుబ్రమణ్యం పేరే రాసేవాళ్ళు.

“పంకజాక్షి” అంది అమల అక్క.

“ఏం చేస్తారు?”

“కండక్టరు.”

“ఇప్పుడు సర్వీసులో ఉన్నారా? రిటైర్డ్ అని రాయమంటారా?”

అమల అక్క తిరిగి చూసింది. పెద్దమ్మ కాస్త దూరంగా మా వాళ్ళ మధ్య వంగి, ఎవరి గజ్జె తాడో గట్టిగా ముడివేస్తోంది.

“పొద్దున మమ్మల్ని పదారు మందిని ఈడికి తెచ్చిందామె సార్. ఒక్కరు కూడా తప్పలేదు” అంది అమల అక్క. “కండక్టరని మాత్రం రాయండి.”

ఆయన అలాగే రాసి, సంతకానికి పిలవమన్నాడు. నేను పోయి పెద్దమ్మను పిలుచుకొచ్చాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొదటి నుంచి చదివింది. ఆ గడి దగ్గర ఆగి, రెండోసారి చదివింది. తర్వాత పెన్ను తీసుకుని పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, తొందర లేకుండా రాసింది.