గోడ మీది అంగీ

నాకు కుదురు తక్కువ. ఇష్టమైన బొమ్మ ముందు కూడా ఒక్కచోట నిలబడలేను. తొంభైల చివర, ముంబై దగ్గరి నార్పోలిలో మా ఇంటి గోడకు అవతలే మరమగ్గాల షెడ్డు ఉండేది. ఆ సాంచాలు నడిచినంతసేపూ గోడ అదిరేది, ఆ అదురుకు నా ఫ్రేములన్నీ పక్కకు వాలేవి. లేచి సరిచేసేదాన్ని, కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని.

ఆ ఫ్రేముల్లో ఉన్నవన్నీ చావు బొమ్మలే. ఒకదాంట్లో ఖాళీ మంచం, ఇంకోదాంట్లో పుర్రె పక్కన సగం తిన్న జామకాయ. ముంబైలో ఉద్యోగం చేస్తూ, మధ్యాహ్నం తిండి మానేసి గ్యాలరీల్లో తిరిగి ఏరుకున్న ప్రింట్లు అవి. చిత్రకారులు రాగిరేకు మీద బొమ్మ చెక్కి, కొన్ని కాపీలు మాత్రమే తీసి, ఒక్కోదాని కింద పెన్సిలుతో నంబరు వేసి సంతకం పెట్టేవాళ్ళు. తర్వాత రేకును గీకి పాడుచేసేవాళ్ళు. ఇక ఆ బొమ్మ మళ్ళీ పుట్టదు. చావు గురించిన బొమ్మకు ఇంతకన్నా తగిన పద్ధతి ఏముంటుందని వాదించేదాన్ని. మా ఇంట్లో వినే నాథుడు లేడు.

"మంది ఇండ్లల్ల దేవుళ్ళ పటాలుంటయి. నువ్వు ఖాలీపీలీ పుర్రెలు, బొక్కలు జమచేస్తున్నవ్," అనేవాడు బాపు.

అమ్మ బాధ వేరే. నేను పుట్టకముందు, వాళ్ళు ఇదే ఊళ్ళో కనేరి పేటలో ఉన్నప్పుడు, మా అన్న జ్వరమొచ్చి చిన్నతనంలోనే పోయాడు. ఫోటో తీయిద్దాం, తీయిద్దాం అంటూనే ఉన్నారట, వాడు ఆగలేదు. పెత్రమాస నాడు మా వాళ్ళు పోయినవాళ్ళ ఫోటోలు తుడిచి, పసుపు కుంకుమలతో బొట్టు పెట్టి, వాళ్ళ పేరున అయ్యగారికి బియ్యం ఇస్తారు. తాతకు, నానమ్మకు బొట్లు పెట్టాక అమ్మ వేలికి ఇంకా కుంకుమ మిగిలే ఉండేది. పెట్టడానికి ఫోటో లేక, ఆ వేలిని కొంగుకు తుడుచుకుంటూ కాసేపు అక్కడే నిలబడేది. అది చూసినప్పుడల్లా నాకు గదిలోంచి పారిపోవాలనిపించేది.

ఒక ఏడాది పెత్రమాస ముందురోజు కొత్త ప్రింటు తెచ్చాను. మేకుకు వేలాడుతున్న పిల్లవాడి అంగీ, అంతే. పై గుండీ లేదు. ఎక్కడ బాగుంటుందో చూడాలన్న ఆత్రంలో, అద్దం వేయించకముందే ఆ వట్టి కాగితాన్ని తాత ఫోటో పక్కన క్లిప్పులతో తగిలించాను.

పొద్దున స్నానం చేసి వచ్చేసరికి అంగీ మెడకు కొంచెం పైన, నొసలు ఉండాల్సిన చోట, పసుపు. దాని మధ్యలో కుంకుమ. తడికి కాగితం ఉబ్బింది.

"ఏం జేసినవే అమ్మా ఇది?"

"మంచిగ గీయించినవ్ బిడ్డా," అన్నది అమ్మ. నా కోపం ఆమె దాకా పోనేలేదు. "మొకమైతే నాకే సరిగ యాదికొస్తలేదు గని, అంగీ గిట్లనే ఉంటుండె."

నేను గీయించలేదు. ఎవరో గీసిన, ఎవరిదో అంగీ అది. ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆఫీసు నుంచి, పాత కాగితాలు, బొమ్మలు బాగుచేసే ఆయనకు ఫోన్ చేశాను. పసుపు బాగా ఇంకిపోకముందే తెస్తే చాలావరకు తీసేయవచ్చు, ఆలస్యం చేయకండి అన్నాడు. ఆదివారం దాకా కాలు ఒకచోట నిలవలేదు. రైల్లో అదే ఆలోచన, కంచం ముందు అదే ఆలోచన. ఆ కాగితం నాది. రేకు లేదు, ఇంకో కాపీ రాదు. అమ్మకూ ఇంకో కాపీ లేదు కదా అని తోచేది. తోచినందుకు ఇంకా చిరాకుపడేదాన్ని.

ఆదివారం పొద్దున, అట్టల మధ్య పెట్టి కట్టడానికి ప్రింటును గోడ మీంచి దించాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాన్ని ఏడికి తీస్కపోతున్నవ్?"

చెప్పాల్సిన జవాబు వారమంతా నూరి పెట్టుకున్నదే. నోట్లోంచి వచ్చింది వేరు.

"అద్దం ఏయించుకొస్త. దుమ్ము పడ్తది గద."

అమ్మ దగ్గరికొచ్చి, నా చేతుల్లోని కాగితం అంచు సరిచేసింది.

"జల్ది రా. వాన్ని ఒక్కన్ని ఎన్నడు బయటికి తోలలే నేను."