ఎప్పుడు వండుతారండీ?

తాడేపల్లిగూడెంలో మా పక్కవాటా పంతులమ్మగారిని టమాటాలు అడిగితే, కుండీల దగ్గర ఆగి, "ఎప్పుడు వండుతారండీ?" అనేవారు. "ఇవాళే" అంటే ఎర్రటివి కోసేవారు. "ఎల్లుండి" అంటే దోరవే.

"ఈ రెండ్రోజులూ చెట్టునుంటే ఉడుతలవండీ, మీ వంటగదిలో ఉంటే మీవి. దోరకాయ ఎక్కడున్నా పండుతుంది."

ఆశకొద్దీ నేనెప్పుడూ "ఇవాళే" అనేదాన్ని. వండేది ఇవాళ కాదని ఆవిడకు తెలుసు, అయినా కోసేవారు.

మేం ఏలూరు మారిన రోజు మాత్రం ఆవిడ ఏమీ అడగలేదు. నాలుగు కాయలు నా చేతిలో పెట్టారు. ఎర్రటిది, దోరది, రంగు తిరుగుతున్నది, అడుగున కాస్త తెల్లబారిన పచ్చికాయ.

"ఈ పచ్చిది ఎప్పటికి పండుతుందండీ?" అన్నాను.

"మీకు నా మీద బెంగ పుట్టేసరికండీ" అని నవ్వారు.

పదో రోజున అది ఎర్రబడింది. ఒక్క కాయకి పచ్చడి ఎంతవుతుంది? అయినా చేసి, డబ్బాలో పెట్టుకుని గూడెం బస్సెక్కాను.