సమాధి మీద నా పేరు

మా చిన్నప్పుడు... ఈస్టర్‌కు వారం ముందు నాయిన సున్నం బకెట్ పట్టుకుని బయల్దేరేవాడు. కుంచె పట్టుకుని వెనకాల నేను. అశోక్ నగర్ వెనక బస్తీలో మా రేకుల ఇల్లు. అక్కడి నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ సమాధుల తోట దాకా నడకే...

నాయిన పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి. తోటలో ఒక మూల, నేను పడుకునే మంచమంత చిన్న సమాధి. తన చేత్తో కట్టిందే. పచ్చి సిమెంటు మీద మేకుతో రాసిన అక్షరాలు... ఏటా సున్నం వేసి, ఆ గీతల్లో నల్లరంగు నింపేవాడు. నేను పుట్టకముందే పోయిన అక్కది. ఇంట్లో 'పెద్దపాప' అనేవాళ్ళు, అంతే. అమ్మ మాత్రం అక్కడికి ఎప్పుడూ వచ్చేది కాదు.

రెండో తరగతిలో ఉన్నప్పుడు... కొత్తగా చదవడం వచ్చింది. బస్సు బోర్డులు, గోడల మీద రాతలు, కనపడ్డదల్లా పైకి చదివేదాన్ని. ఆ రోజు నాయిన రంగు దిద్దుతుంటే కూడబలుక్కున్నాను... ఎ... స్తే... రు. కింద, వయసు ఏడు.

ఎస్తేరు నా పేరు. నాకు ఏడు నిండటానికి ఇంకో నెల.

"నాయినా, నా పేరెందుకు రాసినవ్?"

కుంచె ఆగింది. "నీది కాదు బిడ్డా. అక్కది. దాని పేరే నీకు పెట్టినం."

మళ్ళీ కుంచె రంగులో ముంచాడు. తిరిగి వస్తుంటే ఎండకు రోడ్డు మండిపోతోంది... నా చేతులు మాత్రం చల్లగా అయిపోయాయి.

మర్నాడు సండే స్కూల్లో టీచర్ ఒక కథ చెప్పింది. చచ్చిపోయి నాలుగు రోజులైన మనిషిని యేసుప్రభువు పేరు పెట్టి పిలిచాడట. ఆ మనిషి చుట్టిన గుడ్డలతోనే సమాధిలోంచి నడిచి వచ్చాడట. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు...

పేరు పెట్టి పిలిస్తే వస్తారన్నమాట.

మా అమ్మ రోజూ దీపాల వేళ గడపలో నిలబడి "ఎస్తేరూ..." అని కేకేసేది. ఆ వారమంతా ఆ కేక పూర్తికాకముందే "ఆ!" అని అరుస్తూ పరుగెత్తుకెళ్ళేదాన్ని. ఆలస్యమైతే ఇంకెవరైనా వింటారేమోనని... నారాయణగూడ ఎంత దూరమని? పడుకుంటే పైన రేకులు టపటపమనేవి. చల్లబడి చప్పుడు చేస్తాయని నాయిన చెప్పేవాడు. నాకు మాత్రం చిన్న పాదాలు నడిచినట్టుండేది.

శనివారం సాయంత్రం అమ్మ ట్రంకు పెట్టెలోంచి పసుపురంగు ఫ్రాకు తీసింది. పెద్దపాపది. ఈస్టర్‌కని నాకు తొడిగి చూసింది. సరిగ్గా సరిపోయింది... అమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నా మీద ఉన్నట్టు లేదు.

నేను బయటికి పారిపోయి నీళ్ళ డ్రమ్ము వెనక నక్కాను.

"ఎస్తేరూ..."

పలకాలనుకున్నాను. కానీ రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"ఎస్తేరూ..."

అప్పుడు సందు చివర నుంచి, చిన్న గొంతు... "ఆఁ..." అంది.

ఎవరి పిల్లో, ఎవరికి పలికిందో... ఇప్పటికీ తెలియదు. అమ్మ కూడా వింది. అటే చూస్తూ కదలకుండా నిలబడింది. తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి, డ్రమ్ము వెనక నన్ను చూసి, రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"పిలుస్తుంటె పలుకవేందే! అది గూడ గిట్లనే పలకలే ఆ రోజు... మూడుసార్లు పిలిచిన... పలకలే..."

అమ్మ అక్క గురించి మాట్లాడటం అదే మొదటిసారి. నేను ఏడుస్తూ అడిగాను. "దాని పేరు నాకెందుకు పెట్టిన్రు?"

అమ్మ నేల మీద కూలబడింది. "ఆ పేరు పిలువకుండ ఉండలేకపోయిన బిడ్డా. నీకు భయమైతదని ఎర్కలేకపాయె."

"అది లేస్తదా?"

"లేస్తది. యేసయ్య లేచిండు గద. అది గూడ లేస్తది."

"మరి అదొస్తే... నేనెక్కడికి పోవాలె?"

అమ్మ నన్ను వింతగా చూసింది. తర్వాత గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది. "యాడికి పోతవే పిచ్చిదానా? మంచం మీద జర జరుగు. ఇద్దరు పడుకోండ్రి. అంతే!"

ఈస్టర్ తెల్లవారుజామున అమ్మ మొదటిసారి తోటకు వచ్చింది. ఇంకా చీకటే. తెల్లటి సమాధుల మీద వరసగా కొవ్వొత్తులు... పాడేవాళ్ళ మొహాలు కనపడవు, గొంతులే వినపడుతున్నాయి. అమ్మ ఆ అక్షరాల మీద అరచెయ్యి పెట్టి, మెల్లగా పిలిచింది. "ఎస్తేరూ..."

నా నోటిదాకా 'ఆ' వచ్చింది. ఆపుకున్నాను. అది నన్ను పిలిచిన పిలుపు కాదు. దానికి కూడా ఒకసారి పలికే అవకాశం ఇవ్వాలనిపించింది...

ఇద్దరం ఎదురుచూశాం. ఏమీ కదలలేదు. కొవ్వొత్తి మైనం కారింది. కాసేపటికి కాకులు అరిచాయి, తెల్లారింది.

"ఇయ్యాల కాదు," అంది అమ్మ, రేపో ఎల్లుండో వచ్చే చుట్టం గురించి చెప్పినట్టు. "పా... ఆకలైతుందా?"

నా భయం అక్కడే పోయిందని చెప్పను. కానీ మరుసటి నెల ఏడు నిండాయి... ఎనిమిదీ వచ్చింది. చాలా ఏళ్ళు మంచం మీద ఒక పక్కకే పడుకున్నాను.

ఇప్పుడు ఆ బస్తీ మీద హాస్టళ్ళు లేచాయి. తోటలో సున్నం తగ్గి గ్రానైట్ వచ్చింది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళూ తగ్గారు, జడుసుకుంటారని. మొన్న మా పాప "చచ్చిపోతే ఏమైతది మమ్మీ?" అని అడిగితే టీవీ పెట్టి తప్పించుకున్నాను... అంత చదువుకుని కూడా, మా అమ్మలా ఒక్క మాటలో చెప్పడం నాకు చేతకాలేదు.

మీ ఇంట్లో కూడా మీకంటే ముందే వచ్చి వెళ్ళిపోయిన అక్కో అన్నో ఉన్నారా? ఉంటే, వాళ్ళ పేరు ఒకసారి ఇక్కడ రాయండి...